పెదజాలరిపేట దారిలో బోర్డు లేని చేపల బల్ల: మా పిల్లుల తరఫున ఒక సమీక్ష

నేను చేప తినను. మా ఇంట్లో మూడు తరాలుగా ఎవరూ తిన్నవారు కాదు. కాబట్టి పులుసుకు ఏ చేప రుచి, వేపుడుకు ఏది అని తెలుసుకోవాలనుకునేవారికి ఈ సమీక్ష ఎందుకూ కొరగాదు. ఇది మా ఇంట్లో ఉన్న మూడు పిల్లుల తరఫున, విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో మా అపార్టుమెంటు వెనక గోడ ఎక్కి కూర్చునే మరో నలుగురైదుగురి తరఫున రాస్తున్నది. వాళ్లకు చదువు వస్తే అయిదుకు అయిదూ వేసేవారు. నేను నాలుగు వేస్తున్నాను.

పెదజాలరిపేట నుంచి లాసన్స్‌బే కాలనీ వైపు వచ్చే దారిలో ఉంటుంది ఈ బల్ల. పేరు లేదు. నీలం పట్టా కింద ఒక రాతి పలక, ఐసు పెట్టె, కత్తిపీట, ఒక ముక్కాలి పీట. అంతే సరంజామా. నడిపేది ఒక పెద్దావిడ. పేరు రాయవద్దంది, రాయను. సరుకు కొంత పక్కనే ఒడ్డుకు వచ్చే ఫైబరు పడవల నుంచి, మిగతాది ఫిషింగ్ హార్బరు వేలం నుంచి వస్తుంది. ఉదయం ఎనిమిదికి వెళితే బల్ల నిండుగా ఉంటుంది. పది దాటితే మిగిలినవాటితో సరిపెట్టుకోవాలి.

తాజాదనం విషయంలో ఈవిడకు మొహమాటం లేదు. అడగకముందే మొప్ప ఎత్తి చూపిస్తుంది. మొప్ప ఎర్రగా ఉండాలి, కన్ను ఉబ్బెత్తుగా తేటగా ఉండాలి, వేలితో నొక్కితే గుంట నిలవకూడదు. తినేవాళ్లకు ఇవన్నీ చిన్నప్పుడే తెలుస్తాయి కాబోలు, నేను యాభై దాటాక నేర్చుకున్నాను. ఇది రుచికి సంబంధించిన విషయం మాత్రమే కాదు. కవళ్లు, కనగుర్తలు, సూర వంటి చేపలను ఐసు లేకుండా ఎండలో వదిలేస్తే వాటిలో బ్యాక్టీరియా వల్ల హిస్టమిన్ అనే, తింటే ఒంటికి పడని పదార్థం పేరుకుంటుంది. తర్వాత ఎంత ఉడికించినా అది పోదు. ఒకసారి నేను ఒక కుప్ప వైపు వేలు చూపిస్తే, "అవి నిన్నటివమ్మా, ఎండబెట్టడానికి ఉంచాను, నీ పిల్లులకు వద్దు" అంది. కొనేవాడు ఎదురుగా డబ్బు పట్టుకుని నిలబడితే వద్దని చెప్పే దుకాణం ఈ ఊళ్లో ఇంకొకటి నాకు తగల్లేదు.

శాకాహారి ఇంట్లో పిల్లులకు చేపలేమిటని బంధువులు ముక్కు మూసుకుని మరీ అడుగుతారు. పెరుగన్నం పెడితే చాలదా అంటారు. చాలదు. పిల్లి శరీరం టారిన్ అనే పదార్థాన్ని తనకు కావలసినంత తయారు చేసుకోలేదు. అది మాంసం నుంచి, చేప నుంచి రావలసిందే. అది తగ్గితే చూపు పోతుంది, గుండె కండరం నీరసిస్తుంది. ఈ గుండె జబ్బుకు టారిన్ లోపమే కారణమని 1987లో అమెరికా పశువైద్యులు తేల్చాకే డబ్బా ఆహారాల్లో దాన్ని పెంచారు. నా శాకాహారం నా నమ్మకం, దాన్ని పిల్లి గుండె మీద రుద్దే అధికారం నాకు లేదు. అందుకే బాల్కనీలో విడిగా ఒక పొయ్యి, ఒక గిన్నె, ఒక గరిటె. ఆ గిన్నె వంటింటి గడప తొక్కదు.

మా వంటకం కొత్తగా పిల్లుల్ని పెంచుకునేవారికి పనికొస్తుంది. చేపను పచ్చిగా పెట్టకూడదు. కొన్ని రకాల పచ్చి చేపల్లో బి1 విటమిన్‌ను నాశనం చేసే ఎంజైమ్ ఉంటుంది, ఉడికిస్తే దాని ఆట కట్టు. ఉప్పు, కారం, నూనె ఏమీ వద్దు. ఉల్లి, వెల్లుల్లి అసలే వద్దు, అవి పిల్లి రక్తకణాలను దెబ్బతీస్తాయి. టారిన్ కొంత ఉడికిన నీళ్లలోకి దిగుతుంది కాబట్టి ఆ నీళ్లు పారబోయకుండా ముక్కల మీదే పోస్తాను. ముళ్లు తీసేస్తాను. అన్నిటికంటే ముఖ్యం, రోజూ చేపే పెట్టకూడదు. నూనె ఎక్కువున్న చేపలు అదే పనిగా పెడితే 'ఇ' విటమిన్ తగ్గి ఒంట్లోని కొవ్వు వాచిపోయే జబ్బు వస్తుంది. మా ఇంట్లో వారానికి రెండు మూడు పూటలే చేప, తక్కినప్పుడు కోడిమాంసం, పొట్లాల ఆహారం. ఇదంతా ఆవిడకు చెబితే, "అయితే రోజూ రావద్దు, నాకేం" అంది. ఎక్కువ అమ్మాలన్న యావ లేదు.

ఇక అసలు సంగతి. నాకు మనుషులతో పొసగదు. ద్వేషం ఏమీ లేదు, పొసగదు, అంతే. లిఫ్టులో ఎక్కితే "ఒక్కరే ఉంటున్నారా?" అని ఆరా. పెళ్లికి వెళితే వడ్డన పూర్తయ్యేలోగా నా జీతం, నా మోకాలి నొప్పి, నా తదనంతరం ఫ్లాటు ఎవరికి అన్నదీ చర్చకు వచ్చేస్తాయి. పిల్లలు లేరని పిల్లులా అని ఒకాయన చమత్కరించి తనే నవ్వుకున్నాడు. పిల్లితో ఈ బాధ లేదు. నచ్చకపోతే లేచి పోతుంది, నచ్చితే వచ్చి తల రుద్దుతుంది. నేను మాట్లాడకుండా సాయంత్రమంతా గడిపితే అలిగానని అనుకోదు. జంతువులతో దగ్గరితనం మనుషులు దొరకనివాళ్లు చేసుకునే సర్దుబాటు అని చాలామంది నమ్మకం. నాకు మనుషులు దొరికారు. చూశాను. పిల్లులే నయం.

ఈ చేపల బల్ల దగ్గర ఆ ఆరాలేవీ ఉండవు. ఆవిడ నన్ను "పిల్లులమ్మా" అని పిలుస్తుంది. నా పేరు ఇంతవరకు అడగలేదు. నా ఇంట్లో ఎవరెవరున్నారో అడగలేదు, అంటే మనుషుల్లో. గుమాస్తా, దొరసాని, చుక్క అని మూడు పేర్లు మాత్రం కంఠతా వచ్చు. గుమాస్తా అంటే మా పెద్ద గండుపిల్లి. నేను ఇంటికి పద్దుల పని తెచ్చుకున్న రోజుల్లో సరిగ్గా కాగితాల మీదే కూర్చునేవాడు, ఆ పేరు అలా స్థిరపడింది. "గుమాస్తా తలకాయ తింటాడు కదా, తలలు ఉంచనా?" అని ఆవిడ పదిమందిలో గట్టిగా అడిగితే పక్కనున్నవాళ్లు నా వైపు అదోలా చూశారు. ఆవిడ నవ్వలేదు. ఆవిడకు అది వ్యాపారపు ప్రశ్న.

పోయిన చలికాలంలో ఒకరోజు నెత్తళ్లు ఎప్పుడూ తీసుకునేదానిలో సగమే అడిగాను. తూస్తున్న చేయి ఆపి, "ఎవరు తినడం లేదు?" అంది. గుమాస్తా అని చెప్పాను. గిన్నె దగ్గరికి వస్తాడు, వాసన చూస్తాడు, వెనక్కి వెళ్లిపోతాడు. "వాసన చూస్తున్నాడంటే ఆకలి ఉంది. నోట్లో ఏదో ఉంది. ముల్లో, పన్నో. చూపించు" అంది. ఇంట్లో దవడ పట్టి తెరవబోతే గీరి పారిపోయాడు. మర్నాడు పశువుల డాక్టరు చూస్తే చిగుళ్లు ఎర్రగా వాచి, వెనక పన్ను ఒకటి పాడై ఉంది. పిల్లి నొప్పిని దాచిపెడుతుంది, మూలగదు. పైగా తిండి మానేసిన పిల్లిని, అందులోనూ కాస్త ఒళ్లున్నదాన్ని, నాలుగు రోజులు చూద్దాంలే అని వదిలేయకూడదు. ఒంట్లోని కొవ్వు కాలేయానికి చేరి ప్రాణం మీదికి వస్తుంది. పన్ను తీశారు. అప్పటినుంచి వాడి వాటా మెత్తగా మెదిపి పెడుతున్నాను, తలలు మానేశాడు. ఆ సంగతి చెబితే ఆవిడ "సరే" అని తలలు పక్కన కుక్కకు వేసింది.

ఈ కథ విన్న మా పిన్నికూతురు, "చూశావా అక్కా, పిల్లుల పుణ్యమా అని నీకూ ఒక మనిషి స్నేహం కుదిరింది" అంది. కాదు. ఆవిడ నాకు స్నేహితురాలు కాదు. మేమిద్దరం చేపల గురించి, పిల్లుల గురించి తప్ప మాట్లాడుకున్నది లేదు. వాన వస్తే వాన గురించి కూడా మాట్లాడుకోలేదు. ఆవిడకు జంతుప్రేమ ఉందని కూడా అనను, పిల్లి దొంగది అని తేల్చి చెబుతుంది. కానీ ఎవరి వాటా వాళ్లకు వేస్తుంది. కాసేపు నిలబడి చూస్తే తెలుస్తుంది. కత్తిపీట మీద తల తెగిన చప్పుడుకు ఎవరూ కదలరు, పొలుసు గీకడం మొదలుపెట్టగానే పట్టా కింద పడుకున్న రెండు పిల్లులు లేచి ముందుకు వస్తాయి. పేగులు విసరదు, వంగి పలక అంచున పెడుతుంది. మొప్పలు కాకులకు, వెనక నిలబడే తెల్ల కొంగకు. కుక్క చివర్న, ఎందుకంటే దానికి ఓపిక ఉందట. ఎదురెండకు ఆవిడ కళ్లు సగం మూసి నెమ్మదిగా తెరుస్తుంటే, ఐసు పెట్టె మీది పిల్లి కూడా అలాగే కళ్లు మూసి తెరుస్తుంది. మనిషి కళ్లు కుదించి నిదానంగా రెప్ప వేస్తే పిల్లులు తిరిగి అలాగే చేస్తాయని, అలా చేసిన కొత్త మనిషి దగ్గరికి రావడానికీ ఎక్కువ ఇష్టపడతాయని 2020లో ఇంగ్లండులోని ససెక్స్, పోర్ట్స్‌మత్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు చెప్పారు. ఈవిడ ఎండకు చేస్తున్న పని పిల్లికి పలకరింపులా అందుతోంది.

ఇప్పుడు ఆ తగ్గించిన మార్కు సంగతి. వరుస అనేది ఇక్కడ లేదు. కారు ఆపి అద్దం దించి "కోనాం ఉందా?" అని అరిచినవారికి ముందు తూకం పడుతుంది, పావుకిలో కవళ్లకు నిలబడ్డవాళ్లు నిలబడే ఉంటారు. పల్చటి ప్లాస్టిక్ సంచి ఇస్తుంది, అది ఇల్లు చేరేలోగా స్కూటరు డిక్కీలో కారుతుంది. తూకం శుభ్రం చేయకముందే, తల, పేగులతో సహా. బేరం ఆడితే మొహం మాడ్చుకుంటుంది. ఫోనులో చెల్లింపు ఉంది కానీ సొమ్ము ఊళ్లో ఎక్కడో ఉన్న కొడుకు ఖాతాకు వెళుతుంది, ఆయన ఫోను చేసి అందిందని చెప్పేదాకా మనల్ని కదలనివ్వదు. చిల్లర నోట్లు తీసుకెళ్లడం మేలు. ఐసు పెట్టె మీది పిల్లిని ముట్టుకోవద్దు. రెప్పలు ఎంత నిదానంగా వేసినా గీరుతుంది, నా మణికట్టు సాక్ష్యం.

ధర మాత్రం న్యాయం. బాజారులో కంటే పది రూపాయలు అటూ ఇటూ. కొసరుగా వేసే నాలుగు నెత్తళ్లను లెక్క వేసుకుంటే ఇక్కడే చవక. పిల్లులకు అని చెబితే చిన్నవి ఏరి ఇస్తుంది, వాటి ముళ్లు మెత్తగా ఉంటాయి. పొలుసు గీకి, పొట్ట తీసి ఇస్తుంది, దానికి విడిగా తీసుకోదు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో 61 రోజులు ఇంజన్ల పడవలకు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం. అప్పుడు బల్ల మీద ఎండుచేపలు, చెరువు చేపలు ఉంటాయి, ఇంజను లేని తెప్పలు తెచ్చే నాలుగు చేపలు ఎప్పుడైనా. మొదటి ఏడాది ఆ రోజుల్లో ఎండు నెత్తళ్లు అడిగితే ఇవ్వలేదు. "ఉప్పు చేప పిల్లికి ఎందుకమ్మా, కోడి కొనుక్కో" అని పక్క సందులో కోళ్ల దుకాణం చూపించింది. ఈ రెండు నెలలూ నేను అక్కడికే వెళతాను. అక్కడ ఈకలూ గోలా ఎక్కువ, పిల్లుల పేర్లు ఎవరూ అడగరు, దాని గురించి వేరే సమీక్ష అక్కరలేదు.

వేట మొదలైన తొలి రోజుల్లో జనం విరగబడతారు, ధరలు మండుతాయి. నాలుగు రోజులు ఆగి, ఎనిమిదిలోపు, మూత గట్టిగా పడే సొంత డబ్బా పట్టుకుని వెళ్లండి. పిల్లులుంటే ఎన్ని ఉన్నాయో ముందే చెప్పండి, ఎంత కొనాలో ఆవిడే చెబుతుంది.