యాంటీ వైబ్రేషన్ గ్లవ్స్: గ్రైండర్‌కి కొంత, బ్రేకర్‌కి దాదాపు సున్నా

పగలంతా గ్రైండర్ పట్టిన చెయ్యి రాత్రి పడుకున్నాక చీమలు పాకినట్టు జుమ్మంటుంది. పొద్దున చొక్కా గుండీ పెట్టుకోబోతే వేలికి గుండీ తగిలిందో లేదో తెలీదు. అక్కడిదాకా వచ్చాక ఎవరో ఒకరు యాంటీ వైబ్రేషన్ గ్లవ్స్ కొనుక్కోమని చెబుతారు. సికింద్రాబాద్ రాణిగంజ్ లాంటి హార్డ్‌వేర్ మార్కెట్లలోనూ, ఆన్‌లైన్‌లోనూ ఇవి దొరుకుతాయి. మామూలు నైట్రైల్ పూత గ్లవ్స్ కంటే ధర చాలా ఎక్కువ. ఆ డబ్బుకు తగ్గ పని చేస్తాయా అంటే మీ చేతిలో ఉన్న మిషన్ ఏదన్నదాన్ని బట్టి ఉంటుంది. ఒక్క బ్రాండును పట్టుకుని చెప్పేకంటే మొత్తం రకాన్నే చూడటం మేలు, ఎందుకంటే తేడా బ్రాండులో కన్నా అరచేతిలో కుట్టిన మెత్తలో ఉంది.

ఆ మెత్త మూడు రకాలుగా వస్తుంది. మొదటిది జెల్. నొక్కితే మెల్లగా లోపలికి పోయి, మెల్లగా పైకి వస్తుంది. రెండోది నియోప్రీన్ లాంటి రబ్బరు నురుగు. దీన్ని చిన్న చిన్న గళ్లుగా కోసి వరసగా అమరుస్తారు, పిడికిలి బిగిస్తే గళ్ల మధ్య మడత పడుతుంది కాబట్టి పట్టు సులువు. మూడోది గాలి సంచులది. వినడానికి బాగుంటుంది గానీ ఇనప రజను, వెల్డింగ్ నిప్పురవ్వలు ఎగిరే చోట గాలి సంచి ఎన్నాళ్లుంటుందో ఊహించుకోవచ్చు. ఫాబ్రికేషన్ షాపుకి గళ్ల నురుగు రకమే సరైనది. జెల్ అరచేతికి హాయిగా ఉంటుంది, కానీ ముద్దగా ఉండి పిడికిలి పూర్తిగా ముడవనివ్వదు. ఆ ఇబ్బంది ఎందుకు పెద్దదో కిందికి వచ్చాక చెబుతాను.

కొనేముందు చూడాల్సింది లేబుల్. దాని మీద ఐఎస్ఓ 10819 అని, పక్కన 2013 అని ఉండాలి. ఈ గ్లవ్స్‌ని పరీక్షించే ఆ అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం అరచేతి మెత్త మందం 8 మిల్లీమీటర్లు మించకూడదు. వేళ్లకూ, బొటనవేలికీ కూడా మెత్త ఉండాలి, ఆ మందం అరచేతి దానిలో కనీసం 0.55 వంతు. అంటే వేళ్ల చివరలు కోసేసిన సగం గ్లవ్స్‌కి ఆ లేబుల్ రాదు. జిమ్ గ్లవ్స్‌నీ, సైకిల్ గ్లవ్స్‌నీ 'యాంటీ షాక్' అని రాసి అమ్మేవాళ్లు బోలెడుమంది. అరచేతిలో స్పాంజి ఉన్నంతమాత్రాన అది ఈ కోవలోకి రాదు. వేళ్ల వెనక రబ్బరు పట్టీలుండే గ్లవ్స్ మరో రకం, వాటిని ఇంపాక్ట్ గ్లవ్స్ అంటారు. చేతి మీద ఏదైనా పడితే దెబ్బ తగలకుండా అవి పనికొస్తాయి, వైబ్రేషన్‌తో వాటికి సంబంధం లేదు.

ఇక లేబుల్ మీది అంకెలు. షాపుల్లో బోల్తా కొట్టించేది ఇక్కడే. ప్రమాణంలో రెండు పరీక్షలున్నాయి. సెకనుకు ఎన్నిసార్లు ఊగితే అన్ని హెర్ట్జ్. 25 నుంచి 200 హెర్ట్జ్ మధ్య వైబ్రేషన్‌లో అరచేతికి చేరేది 0.90 వంతు మించకూడదు, ఇది మొదటి గుంపు. 200 నుంచి 1250 హెర్ట్జ్ మధ్య 0.60 వంతు మించకూడదు, ఇది రెండో గుంపు. రెండో అంకెను పట్టుకుని '40 శాతం తగ్గుతుంది' అని డబ్బా మీద అచ్చేస్తారు. మీ మిషన్ ఆ రెండో గుంపులో ఉంటే కదా ఆ 40 మీకు దక్కేది!

మిషన్ ఏ గుంపులో ఉందో తెలుసుకోవడానికి ప్లేటు మీద రాసిన వేగాన్ని 60తో భాగిస్తే చాలు. 4 అంగుళాల గ్రైండర్ నిమిషానికి 11,000 చుట్లు తిరిగితే 183 హెర్ట్జ్. 7 అంగుళాల గ్రైండర్ 8,500 చుట్లయితే 142. రెండూ మొదటి గుంపులోనే ఉన్నాయి, అంటే లేబుల్ హామీ ఇచ్చేది కనీసం పది శాతం తగ్గింపు మాత్రమే. నిమిషానికి 13,000 చుట్ల మార్బుల్ కట్టర్ 217 దగ్గర, గీత దాటీ దాటనట్టు ఉంటుంది. అచ్చులు నునుపు చేసే చిన్న డై గ్రైండర్ 25,000 చుట్లతో 417 హెర్ట్జ్. డబ్బా మీది 40 శాతం నిజంగా దానికే వర్తిస్తుంది. గోడలు, కాంక్రీటు కొట్టే బ్రేకర్ నిమిషానికి 2,000 దెబ్బలు వేస్తే అది 33 హెర్ట్జ్. రాతి క్వారీల్లో రంధ్రాలు వేసే జాక్ హ్యామర్ కూడా ఆ దరిదాపుల్లోనే. లేబుల్ లెక్కన ఇవీ మొదటి గుంపే, అయినా ఇక్కడ గ్లవ్ చేసేది దాదాపు ఏమీ లేదు.

ఎందుకు లేదో ఆటో ఎక్కినవాళ్లందరికీ తెలుసు. సీటు స్పాంజి ఇంజన్ జుమ్మును మింగేస్తుంది, కానీ గతుకు వస్తే సీటూ మనమూ కలిసే ఎగురుతాం. బ్రేకర్ దెబ్బ గతుకు లాంటిది. 8 మిల్లీమీటర్ల మెత్త దాన్ని ఆపాలంటే ఇంకా ఎన్నో రెట్లు మందం కావాలి, అప్పుడు పిడే పట్టుకోలేం. కొన్ని వేగాల దగ్గర మెత్త ఆ ఊపును కాస్త పెంచుతుంది కూడా.

అసలు మెలిక ఇంకోటుంది. ఆ పరీక్షలో కొలిచేది అరచేతి దగ్గర. తిమ్మిరి వచ్చేదేమో వేళ్ల చివర. వేళ్ల దగ్గర మెత్త పలచన, పైగా వేలు తేలికైనది కాబట్టి పిడితోపాటే ఊగిపోతుంది. లేబుల్ మీది అంకె ఎంత మంచిదైనా వేళ్లకు దక్కే రక్షణ అందులో కొంతే అనుకోవాలి. బ్రిటన్ ఆరోగ్య భద్రతా సంస్థ హెచ్ఎస్ఈ కూడా ఈ గ్లవ్స్‌ని నమ్ముకుని పనిగంటలు లెక్కేయొద్దనే చెబుతుంది.

పనిగంటల లెక్క ఎలాగంటారా? అదే సంస్థ వాడే పాయింట్ల పద్ధతి చేతిమీదే వేసుకోవచ్చు. మిషన్ మాన్యువల్‌లో వైబ్రేషన్ ఎంత బలంగా ఉందో చెప్పే విలువ మీ/సె²లో (ఇంగ్లీషులో m/s²) ఉంటుంది. దాన్ని దానితోనే గుణించి, రెండు రెట్లు చేస్తే గంటకు పాయింట్లు. రోజుకు 100 దాటితే జాగ్రత్తలు మొదలుపెట్టాలి, 400 దాటకూడదు. యూరప్ 2002లో ఎనిమిది గంటల పనికి పెట్టిన 2.5, 5 మీ/సె² హద్దులకు ఇవే సమానం. 6 మీ/సె² ఉన్న గ్రైండర్‌కి గంటకు 72 పాయింట్లు, అంటే 83 నిమిషాలకే 100. గ్లవ్ నిజంగానే పది శాతం తగ్గించిందనుకుందాం, అప్పుడు గంటకు 58. హద్దు 103 నిమిషాలకు జరుగుతుంది. ఇంత ఖరీదు పెట్టి, అన్నీ కలిసొస్తే దక్కేది ఇరవై నిమిషాలు. 12 మీ/సె² బ్రేకర్‌కి గంటకు 288 పాయింట్లు. 21 నిమిషాలకే మొదటి హద్దు, 83 నిమిషాలకు రెండోది. ఇక్కడ లెక్కకు వచ్చేది ట్రిగ్గర్ నొక్కి ఉంచిన సమయం మాత్రమే. మార్కింగ్ చేసుకున్నదీ, టీ తాగిందీ కలపక్కర్లేదు. ఇంకో మాట, మాన్యువల్ అంకె కొత్త మిషన్‌కి, కొత్త వీల్‌కి వచ్చింది. షాపులో నలిగిన మిషన్ అంతకంటే ఎక్కువే ఊగుతుంది.

పట్టు సంగతికి వద్దాం. మందపాటి గ్లవ్ వేసుకుంటే పిడి చేతికి ఆనిన ఫీలింగ్ తగ్గుతుంది. తెలియకుండానే పిడికిలి ఇంకా గట్టిగా బిగిస్తాం. ఎంత గట్టిగా పడితే వైబ్రేషన్ అంత బాగా చేతిలోకి దిగుతుంది, ముంజేయి కూడా త్వరగా అలిసిపోతుంది. ముద్దగా ఉండే జెల్ రకానికి మార్కులు తగ్గేది ఇందుకే. సైజు తప్పితే మరీ ఘోరం. బొటనవేలు వదిలేసి అరచేతి చుట్టూ టేపు పెట్టి కొలవండి: 203 మిల్లీమీటర్లయితే 8 సైజు, 229 అయితే 9, 254 అయితే 10. 'అందరికీ సరిపోయే సైజు' అని రాసుంటే ఆ జత అక్కడే పెట్టేయండి. బిగుతుగా ఉంటే రక్తం ఆడదు, వదులుగా ఉంటే పట్టు బిగించాలి. షాపులో వేసుకుని మీ గ్రైండర్ పిడంత లావు పైపు ఏదైనా పట్టి చూడండి, అరచేతి మధ్యలో మెత్త కుప్పగా మడత పడితే వద్దు.

మన ఎండలకు వీటిలో చెయ్యి ఉడికిపోతుంది, ఇది దాచలేని లోపం. మే నెలలో చీమకుర్తి గ్రానైట్ యూనిట్లలో రోజంతా ఇవి వేసుకోమనడం తేలిక, వేసుకోవడం కష్టం. నీళ్లు పోస్తూ రాయి కోసే చోట గుడ్డ వెనకభాగం ఉన్న రకం తడిసి ముద్దవుతుంది, తడి చేతికి వైబ్రేషన్ ఇంకా చేటు. అక్కడ అరచెయ్యంతా రబ్బరు పూత ఉన్నది తీసుకోవాలి. ఎక్కడైనా సరే, స్టాండు డ్రిల్లింగ్ మిషన్ దగ్గర మాత్రం ఇవి వేసుకోకూడదు. బిట్టు గ్లవ్‌ని చుట్టుకుందంటే వేలు కూడా పోతుంది.

అదే డబ్బు ఎక్కడ పెడితే ఎక్కువ ఫలితమో చెప్పకుండా ఈ సమీక్ష పూర్తవదు. చాలా షాపుల్లో గ్రైండర్ సైడ్ హ్యాండిల్ కొన్న రోజునుంచీ డబ్బాలోనే ఉంటుంది. ముందు దాన్ని బిగించండి, ఖర్చు సున్నా. లోపల రబ్బరు కీలు ఉండే యాంటీ వైబ్రేషన్ హ్యాండిల్స్ విడిగా దొరుకుతాయి. మర సైజు ఎం8, ఎం10, ఎం14లలో ఏదో చూసుకోవాలి, పాత హ్యాండిల్ షాపుకి తీసుకెళ్తే గొడవ ఉండదు. ఆ తర్వాత ఫ్లాంజ్, అంటే వీల్‌ని బిగించి పట్టుకునే ఇనప బిళ్ల. కిందపడి వంకర పోయిన ఫ్లాంజ్, దాని మీద పేరుకున్న రజను, వీల్‌ని పక్కకు ఊపుతాయి. వీల్ తీసినప్పుడల్లా గుడ్డతో తుడవడం ఒక నిమిషం పని. తడిసిన రెసిన్ వీల్ నీళ్లు ఒకవైపు పీల్చుకుని బరువు తప్పుతుంది, అందుకే వీల్స్ పొడి చోట పడుకోబెట్టి ఉంచాలి. 16 మిల్లీమీటర్ల రంధ్రం ఉండాల్సిన 4 అంగుళాల వీల్ స్పిండిల్ మీద లొడలొడలాడుతుంటే దాన్ని ఎంత బిగించినా మధ్యలో కూర్చోదు. ఇవన్నీ సరిగా ఉన్నా ఊగుతుంటే బేరింగ్ చూపించండి.

బ్రేకర్ దగ్గరైతే ఉలి పదును ముందు. మొద్దు ఉలితో పది నిమిషాల పని ఇరవై అవుతుంది, ఊపు కూడా ఎక్కువే. కొత్త మిషన్ కొనే పనుంటే మకిటా ఏవీటీ, హిల్టీ ఏవీఆర్ అని రాసే రకాల్లో వైబ్రేషన్ తగ్గించే ఏర్పాటు మిషన్‌లోనే ఉంటుంది. మెటాబో గ్రైండర్లలో కొన్నిటికి ఊపును దానంతటదే తగ్గించే ఆటోబ్యాలెన్సర్ ఉంది. స్ప్రింగ్ పిడి ఉన్న బ్రేకర్ మీద ఒళ్లంతా వేసి తొక్కకూడదు. స్ప్రింగ్ అడుగుకి ఆనిందంటే అది ఉన్నా లేనట్టే. పిడి మధ్యలో తేలేటంత బలమే చాలు. పిడికి సైకిల్ ట్యూబు చుట్టే అలవాటు చాలాచోట్ల ఉంది. జారకుండా ఉండటానికి మంచిదే గానీ, అంత పలచని రబ్బరు వైబ్రేషన్‌కి అడ్డం కాదు, పైగా పిడి లావెక్కి పట్టు బిగించాల్సి వస్తుంది.

మరి ఎవరు కొనాలి? డై గ్రైండర్‌తో, చిన్న గాలి టూల్స్‌తో అచ్చులు నునుపు చేసేవాళ్లు తప్పకుండా కొనొచ్చు. గ్రైండర్, మార్బుల్ కట్టర్ రోజూ వాడేవాళ్లు హ్యాండిల్, ఫ్లాంజ్ సరిచేసుకున్నాక గళ్ల నురుగు రకం తీసుకోవచ్చు. చలికాలం తెల్లవారుజామున పనిచేసేవాళ్లకు చెయ్యి వెచ్చగా ఉంచడమే వీటి అసలు లాభం. చల్లబడ్డ వేళ్లకు రక్తం సరిగా ఆడదు, బీడీ, సిగరెట్ కూడా ఆ రక్తనాళాల్నే బిగిస్తాయి. బ్రేకర్ పనివాళ్లు ఈ గ్లవ్స్ బదులు మంచి తోలు గ్లవ్స్ కొనుక్కుని, పనిని ఇద్దరు పంచుకోవడం లాభం.

తిమ్మిరి పని ఆపిన అరగంటలో పోకుండా మర్నాటికీ ఉంటే, నట్టు చేతికి తెలియకుండా జారిపోతుంటే, చలికి వేళ్ల చివరలు తెల్లగా పాలిపోతుంటే గ్లవ్స్ ప్రశ్న దాటిపోయినట్టే. మనలాంటి వేడి ప్రాంతాల్లో తెల్లబడటం తక్కువ కనిపిస్తుంది కాబట్టి అది లేదని ధీమా వద్దు. డాక్టర్‌కి ఏ మిషన్, రోజుకు ఎన్ని గంటలు, ఎన్నేళ్లుగా అన్నది చెప్పండి. ఏ వేళ్లో కూడా చెప్పాలి: బొటనవేలు, చూపుడు, మధ్య వేలు అయితే మణికట్టు దగ్గర నరం నొక్కుకుని ఉండొచ్చు, చిటికెన వేలైతే వేరే నరం. షుగర్ పరీక్ష కూడా చేయించాలి, అదీ ఇలాంటి తిమ్మిరే తెస్తుంది.

కొన్నవాళ్లకు చివరగా వాడకం గురించి. సబ్బు నీళ్లతో చేత్తోనే ఉతికి నీడలో ఆరబెట్టండి. రేకుల మీద ఎండేస్తే నురుగు గట్టిపడుతుంది. నెలకోసారి బొటనవేలితో మెత్తంతా నొక్కి చూడండి. నొక్కిన చోట గుంట అలాగే ఉండిపోయినా, చూపుడు వేలి మొదట్లో మెత్త పలచబడి లోపల పిడి గట్టితనం తెలిసినా, ఆ జత ఇక బరువులు మోయడానికే.