సీఎన్ఏ ట్రైనింగ్: కాలేజీ, నర్సింగ్ హోమ్, ప్రైవేటు స్కూలు – చేరే దగ్గర ఎవరు ఎంత గట్టిగా చూస్తారు?

అమెరికాలో సీఎన్ఏ, అంటే సర్టిఫైడ్ నర్సింగ్ అసిస్టెంట్ ట్రైనింగ్ ప్రధానంగా మూడు చోట్ల దొరుకుతుంది. ఒకటి కమ్యూనిటీ కాలేజీ, రెండోది తన స్టాఫ్ కోసం ఉచితంగా నేర్పే నర్సింగ్ హోమ్ (ఇక్కడ దీనర్థం ఆసుపత్రి కాదు, వృద్ధులు, రోగులు ఉండే సంరక్షణ కేంద్రం), మూడోది కొన్ని వారాల్లో పూర్తి చేయిస్తామనే ప్రైవేటు స్కూలు. సిలబస్‌లో చెప్పుకోదగ్గ తేడా లేదు. తేడా అంతా చేర్చుకునే తీరులోనే. కాగితాల కోసం మొదట్లోనే ప్రాణం తీసే చోట కోర్సు సాఫీగా సాగుతుంది. "ముందు ఫీజు కట్టండి, మిగతావి మెల్లగా చూద్దాం" అనే చోట క్లినికల్స్ (నిజమైన రోగుల దగ్గర చేసే ప్రాక్టికల్స్) దగ్గర ఇరుక్కుంటారు.

కారణం ఏమిటంటే, క్లినికల్స్ జరిగేది స్కూల్లో కాదు, నర్సింగ్ హోములో. టీబీ రిపోర్టు, టీకాల రికార్డు, నేర చరిత్ర లేదని చెప్పే బ్యాక్‌గ్రౌండ్ క్లియరెన్సు లేకపోతే వాళ్లు గుమ్మం దాటనివ్వరు. గంటలు నిండకపోతే రాష్ట్ర పరీక్షకు కూర్చోనివ్వరు. 1987 ఫెడరల్ చట్టం ప్రకారం కనీసం 75 గంటల ట్రైనింగ్ ఉండాలి, అందులో 16 గంటలు ప్రాక్టికల్. రాష్ట్రాలు దీన్ని పెంచుకున్నాయి. న్యూజెర్సీలో 90 గంటలు. టెక్సస్‌లో 100, అందులో క్లినికల్ 40. కాలిఫోర్నియాలో 160, అందులో క్లినికల్ 100. ఆ 100 గంటల్లో ఒక వారం పోగొట్టుకుంటే తర్వాతి బ్యాచ్‌తోనే పూర్తి చేయాల్సి రావచ్చు.

చదువు సంగతి ఫెడరల్ రూల్లో లేనే లేదు. మీ బీటెక్‌కి ఇక్కడ ప్రత్యేక మార్కులు రావు, టెన్త్‌తో ఆపేసినవాళ్లు బెదరాల్సిన పనీ లేదు. కాలేజీలు మాత్రం హైస్కూల్ డిప్లొమా అడగొచ్చు, ఇంగ్లిష్ రీడింగ్ టెస్టు పెట్టొచ్చు. ఇండియా సర్టిఫికెట్ అమెరికా చదువులో దేనికి సమానమో చెప్పే ఇవాల్యుయేషన్ రిపోర్టు కావాలంటే దానికే వారాలు పడుతుంది, ముందే మొదలుపెట్టండి. రీడింగ్ టెస్టును తప్పుపట్టలేం. కేర్ ప్లాన్‌లో, అంటే రోగికి ఏ సేవ ఎలా చేయాలో చెప్పే కాగితంలో రాసింది సరిగ్గా చదవలేకపోతే నష్టపోయేది మంచం మీదున్న మనిషి. ఇండియాలో నర్సింగ్ పూర్తిచేసినవాళ్లు మాత్రం చేరేముందు ఈక్వివలెన్సీ, అంటే తమ చదువును ఈ ట్రైనింగ్‌కు సమానంగా లెక్కిస్తారా అన్న సంగతి రాష్ట్రాన్ని అడగాలి. కాలిఫోర్నియా లాంటి చోట్ల ట్రైనింగ్ లేకుండా నేరుగా పరీక్ష రాసే దారి ఉంది.

మనవాళ్లు ఎక్కువగా తడబడేది టీబీ పరీక్ష దగ్గర. చిన్నప్పుడు వేసిన బీసీజీ (టీబీ టీకా) వల్ల చర్మం మీద చేసే పరీక్ష ఉత్తినే పాజిటివ్ చూపించొచ్చు. పైగా చాలా స్కూళ్లు అడిగేది రెండు దశల పరీక్ష. ఇంజెక్షన్ వేశాక 48 నుంచి 72 గంటల్లోపు వెళ్లి చూపించాలి. ఒకటి నుంచి మూడు వారాల తర్వాత మళ్లీ ఇంజెక్షన్, మళ్లీ చూపించడం. మొత్తం నాలుగు సార్లు క్లినిక్‌కి వెళ్లాలి. 72 గంటలు దాటాక వెళితే ఆ పరీక్ష చెల్లదు. దీనికి బదులు క్వాంటిఫెరాన్ లాంటి రక్త పరీక్షకు ఒక్కసారి రక్తం ఇస్తే చాలు, బీసీజీ ప్రభావం దాని మీద ఉండదు. స్కూలు దాన్ని ఒప్పుకుంటుందా అని ఈమెయిల్‌లో అడిగి, ఆ తర్వాతే ల్యాబుకు వెళ్లండి. అందులోనూ పాజిటివ్ వస్తే కంగారు వద్దు. ఛాతీ ఎక్స్‌రే బాగుండి, జబ్బు లక్షణాలు లేవని డాక్టరు రాసిస్తే సాధారణంగా సీటుకు ఢోకా ఉండదు. ఇంకో చిక్కు ఉంది. ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా), చికెన్‌పాక్స్ టీకాలు వేయించుకున్నాక టీబీ పరీక్ష అదే రోజు చేయించాలి, లేదంటే నాలుగు వారాలు ఆగాలి. ఈ వరస తెలియక నెల పోగొట్టుకునేవాళ్లు ఎందరో.

చిన్నప్పటి టీకా కార్డు లేకపోతే వెతుక్కుంటూ కూర్చోకండి. టైటర్ అనే రక్త పరీక్షతో రోగనిరోధక శక్తి ఉందో లేదో తేలిపోతుంది. లేదంటే ఎంఎంఆర్ రెండు డోసులు, మధ్య కనీసం 28 రోజులు. హెపటైటిస్ బి మామూలు కోర్సు ఆరు నెలలు, హెప్లిసావ్ అనే బ్రాండు టీకా అయితే నెల తేడాతో రెండే డోసులు. డాక్టరు నింపే ఫిజికల్ (శరీర పరీక్ష) ఫారంలో 50 పౌండ్లు ఎత్తగలరా అన్న గడి తరచుగా కనిపిస్తుంది. నడుం నొప్పి ఉంటే దాచకండి, ట్రాన్స్‌ఫర్లు (రోగిని మంచం నుంచి కుర్చీలోకి మార్చడం లాంటివి) నేర్పే మొదటి వారంలోనే బయటపడుతుంది.

డ్రగ్ టెస్టుకు మన వంటింటికి సంబంధం ఉంది. గసగసాలు వేసిన మసాలా కూర తింటే మూత్రంలో మార్ఫిన్, కోడీన్ జాడలు కనిపించొచ్చు. ఫెడరల్ ఉద్యోగ పరీక్షల్లో కటాఫ్‌ని 1998లో 300 నుంచి 2000 నానోగ్రాములకు పెంచింది ఈ ఇబ్బంది వల్లే. కానీ ప్రైవేటు ల్యాబులకు ఆ రూలు వర్తించదు. పరీక్షకు ముందు మూడు నాలుగు రోజులు గసగసాలు మానేయండి. ఇండియా నుంచి తెచ్చుకున్న కోడీన్ దగ్గు మందు వాడుతుంటే ప్రిస్క్రిప్షన్ దగ్గర పెట్టుకోండి. నీళ్లు మరీ ఎక్కువ తాగితే మూత్రం పలచబడిందని, అంటే "డైల్యూట్" అని తిప్పి పంపుతారు.

బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో ట్రాఫిక్ టికెట్ల గురించి సాధారణంగా పట్టించుకోరు. దొంగతనం, దాడి, పెద్దల మీద వేధింపు లాంటి కేసులే అడ్డం పడతాయి. షాపులో వస్తువు ఎత్తిన కేసు కొట్టేసినా, ఫారంలో అడిగితే రాయాల్సిందే. కాలిఫోర్నియాలో చేరినప్పుడే లైవ్‌స్కాన్ (కంప్యూటర్‌లో తీసే) వేలిముద్రలు ఇవ్వాలి.

ఇక నర్సింగ్ హోముల ఉచిత కోర్సు. డబ్బు దగ్గర ఇది అందరికన్నా నయం. ఉద్యోగంలో ఉన్నవాళ్ల దగ్గర, ఉద్యోగం ఇస్తామని మాట ఇచ్చినవాళ్ల దగ్గర పుస్తకాలతో సహా ఏ ఖర్చూ వసూలు చేయకూడదని ఫెడరల్ రూలు. కానీ ఇది చదువు కాదు, ఉద్యోగం. హెచ్-4 వీసా (హెచ్-1బీ ఉద్యోగి భార్య లేదా భర్తకు ఇచ్చే వీసా) మీద ఉండి వర్క్ పర్మిట్ లేనివాళ్లకు ఇది కుదరదు. వాళ్లు కాలేజీలో చదవొచ్చు, పని చేయకూడదు. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకు రెండూ కుదరవు. ఉద్యోగంలో చేరాక నాలుగు నెలల్లో ట్రైనింగ్, పరీక్ష పూర్తి కాకపోతే ఆ హోమ్ మిమ్మల్ని నర్సింగ్ అసిస్టెంటుగా కొనసాగించకూడదు. పెద్ద జరిమానాలు పడ్డ హోమ్‌కి రెండేళ్లపాటు ట్రైనింగ్ అనుమతి పోతుంది. అందుకే అనుమతి ఇప్పటికీ ఉందా అని రాష్ట్రం వెబ్‌సైట్లో చూసుకోండి. కాలేజీలో సొంత డబ్బు పెట్టి చదివినా, 12 నెలల్లోపు నర్సింగ్ హోములో ఉద్యోగం వస్తే ఖర్చు తిరిగి ఇచ్చే ఏర్పాటు రాష్ట్రం చేయాలి. ఈ సంగతి చాలామందికి తెలియదు.

ప్రైవేటు స్కూళ్లలో మంచివి లేకపోలేదు. సాయంత్రం బ్యాచ్‌లు, వారాంతపు బ్యాచ్‌లు ఎక్కువగా ఉండేది వీళ్ల దగ్గరే. చేరేముందు రెండు విషయాలు తేల్చుకోండి. క్లినికల్ సైట్ పేరు, తేదీలు చెప్పమనండి. "ఇంకా ఫైనల్ కాలేదు" అంటే డబ్బు కట్టకండి. అంతా ఆన్‌లైన్ అంటే అసలు ఆ వైపే వెళ్లకండి. థియరీ ఆన్‌లైన్‌లో నడుస్తుంది గానీ క్లినికల్స్ నడవవు.

కాగితాల్లో పేరు తేడాల గురించి అన్ని స్కూళ్లూ ముందుగా హెచ్చరించకపోవచ్చు. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఖాళీగా ఉండి, అమెరికా వీసాలో పేరు స్థానంలో "ఎఫ్ఎన్‌యూ" (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) వచ్చినవాళ్లు, సోషల్ సెక్యూరిటీ కార్డులో ఒకలా, డ్రైవింగ్ లైసెన్సులో ఒకలా పేరున్నవాళ్లు దరఖాస్తు నాటికే సరిచేయించుకోవాలి. పరీక్ష సెంటర్లో ఐడీ మీది పేరు రిజిస్ట్రేషన్‌తో కలవకపోతే వెనక్కి పంపేస్తారు, ఫీజూ పోవచ్చు. కాగితాలు అందకో పేరు కలవకో క్లినికల్స్ ఆగిపోతే డబ్బు వెనక్కి ఇస్తారా, తర్వాతి బ్యాచ్‌లోకి మారుస్తారా అన్నది ఒప్పందంలో రాసి ఉందో లేదో చూసి సంతకం పెట్టండి.