కమోడోర్ 64 పవర్ సప్లై కొనేవారికి హెచ్చరిక: ‘రెగ్యులేటర్ మార్చాం’ అన్న మాటను నమ్మకండి

పాత కంప్యూటర్ల విడిభాగాలు అమ్మే ఆ విక్రేత ఎవరో మీలో చాలామందికి తెలుసు కాబట్టి పేరు రాయడం లేదు. రెండు వారాల క్రితం అతని దగ్గర, కమోడోర్ 64 అనే నా పాత ఇంటి కంప్యూటర్‌కు పవర్ సప్లై కొన్నాను. నిన్న రాత్రి అదే నా కంప్యూటర్ ప్రాణం తీసింది.

ఆ పాత నల్ల పవర్ సప్లై డబ్బాతో వచ్చే ప్రమాదం మనకు కొత్త కాదు. వోల్టేజీని 5 దగ్గర నిలిపి ఉంచే లోపలి రెగ్యులేటర్ వయసు మీరి చెడిపోతే, చాలాసార్లు కరెంటు ఆగిపోదు సరికదా, ఎక్కువ వోల్టేజీ నేరుగా బోర్డు మీదకు వచ్చి పడుతుంది. అందుకే కొనే ముందే, రెగ్యులేటర్ మార్చారా అని రెండుసార్లు రాసి అడిగాను. ‘పాతది తీసి కొత్తది వేశాం, నడిపి చూశాం, నిశ్చింతగా వాడుకోండి’ అని జవాబిచ్చాడు. తానూ చిన్నతనంలో ఈ యంత్రం మీదే బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకున్నానని కూడా చెప్పాడు. మనవాడే కదా అని ఆ మాటతో నమ్మేశాను.

మొదట్లో రోజూ కొద్దిసేపే వాడాను. ఆన్ చేయగానే నీలం తెర మీద 38911 బైట్ల మెమొరీ ఖాళీ అని కనిపించినప్పుడల్లా మనసు నిండిపోయేది. నిన్న మాత్రం గంటకు పైగా పాటలు వింటూ కూర్చున్నాను. ఉన్నట్టుండి ఒక స్వరం గరగరమని, తెర నల్లబడింది. వెంటనే ప్లగ్ పీకి బోర్డు తాకి చూస్తే, ఎనిమిది మెమొరీ చిప్‌లలో రెండింటి మీద వేలు నిలవలేదు. బాబ్ యానిస్ రూపొందించిన, ఈ కంప్యూటర్‌లో శబ్దాలు పలికించే సిడ్ చిప్‌ను ఈ ఉదయం ఒక మిత్రుడి యంత్రంలో పెట్టి చూశాం. మూడు స్వరాల్లో ఒక్కటీ పలకలేదు. ఆ చిప్ తయారీ ఎన్నడో ఆగిపోయింది, నేను పోగొట్టుకున్నదాన్ని ఏ డబ్బూ కొత్తగా చేయించి ఇవ్వలేదు.

పవర్ సప్లైని ఒంటరిగా వేడెక్కేదాకా ఉంచి కొలిస్తే, 5 వోల్టులు రావలసిన చోట 7.8 చూపించింది. అప్పుడు అడుగు పలక విప్పాను. ఫ్యాక్టరీలో పోసిన రెసిన్ (గట్టిపడే జిగురు) అంచు నుంచి అంచుదాకా ఒక్క గీత కూడా లేకుండా నున్నగా, గట్టిగా ఉంది. రెగ్యులేటర్ ఆ రెసిన్ కిందే పూడి ఉంది, దాన్ని తవ్వకుండా మార్చడం ఎవరి తరమూ కాదు. అంటే ఆ డబ్బాను ఎవరూ విప్పనే లేదు.

ఫొటోలు పంపితే, ‘నలభై ఏళ్ల నాటి వస్తువు కొత్తదానిలా పనిచేయాలంటే ఎలా? మీ బోర్డులోనే లోపం ఉండి ఉంటుంది’ అని రాశాడు. రెసిన్ ఎందుకు చెక్కుచెదరలేదని మళ్లీ అడిగితే వచ్చిన జవాబు ఇది: ‘కొనేవాళ్లందరికీ అదే చెబుతాం.’

డబ్బు పోయినదానికన్నా ఈ ఒక్క వాక్యం నన్ను ఎక్కువగా గాయపరిచింది. 1982లో అమ్మకానికి వచ్చిన ఈ కంప్యూటర్‌ను తయారుచేసిన కంపెనీ 1994లోనే దివాలా తీసింది. ఆ తరువాత దీన్ని బతికించింది, చెడిన చిప్‌లు మార్చి, కొత్త బోర్డులు గీసి, ఇప్పటికీ కొత్త ఆటలు రాస్తూ, తెలిసినది దాచుకోకుండా పంచుకున్న అభిమానులే. ముక్కూముఖం తెలియని వారి దగ్గర ఒక్క మాట మీద విడిభాగాలు కొనగలుగుతున్నామంటే, అది వారు కూడబెట్టిన నమ్మకం వల్లనే. అతను అమ్ముకున్నది ఆ నమ్మకాన్ని. నా తప్పూ ఉంది: వోల్టేజీ కొలిచే మల్టీమీటర్ నా బల్ల సొరుగులోనే ఉండగా, ఒక్కసారి కూడా కొలవకుండా ప్లగ్ పెట్టాను. దానికి నన్ను నేను క్షమించుకోలేకపోతున్నాను.

వీలైతే కొత్తగా తయారైన పవర్ సప్లై కొనండి. పాతదే వాడాలనుకుంటే, వోల్టేజీ హద్దు దాటగానే కరెంటు ఆపేసే చిన్న సర్క్యూట్‌ను మధ్యలో పెట్టండి, వేడెక్కాక కూడా కొలవండి. రెగ్యులేటర్ మార్చామని ఎవరైనా చెబితే, డబ్బు పంపే ముందు డబ్బా లోపలి ఫొటో అడగండి.