కోబో టూల్‌బాక్స్: మూల్యాంకన పనికి ఎంతవరకు అక్కరకొస్తుంది?

ఒక ప్రభుత్వ పథకమో, స్వచ్ఛంద సంస్థ కార్యక్రమమో ఆశించిన ఫలితం ఇచ్చిందో లేదో తేల్చడం మూల్యాంకన నిపుణుల బాధ్యత. నివేదిక రాయడం అందులో చివరి భాగం మాత్రమే. రోజులో ఎక్కువ సమయం ప్రశ్నావళిని సరిదిద్దడానికీ, గ్రామాలనుంచి ఎన్యూమరేటర్లు (ఇంటింటికీ వెళ్లి వివరాలు సేకరించేవారు) పంపిన సమాచారాన్ని సాయంత్రం సరిచూడడానికీ పోతుంది. ఈ రెండింటికీ నేను వాడుతున్నది కోబో టూల్‌బాక్స్. హార్వర్డ్ హ్యుమానిటేరియన్ ఇనిషియేటివ్‌లో రూపుదిద్దుకున్న, సర్వే సమాచారం సేకరించే ఈ ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లో ఫోనులో వాడే భాగం పేరు కోబో కలెక్ట్.

దీని అసలు బలం ప్రశ్నలకు పెట్టుకోగల షరతులలో ఉంది. స్వయం సహాయక సంఘాల సభ్యులను అడిగే భూమి ప్రశ్ననే చూద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో రైతులు ఎకరాలు, సెంట్లలో చెబుతారు. తెలంగాణలో ఎకరాలు, గుంటలలో చెబుతారు. ఎకరాకు సెంట్లు 100, గుంటలు 40. తెలంగాణ పాసుపుస్తకంలో 2.12 అని ఉంటే రెండెకరాల పన్నెండు గుంటలని అర్థం, దశాంశ లెక్క కాదు. రెండు రాష్ట్రాల సమాధానాలనూ ఒకే గడిలో నింపిస్తే తర్వాత విడదీయడం ఎవరి తరమూ కాదు. కోబోలో రాష్ట్రం ఎంచుకోగానే దానికి తగిన గడి మాత్రమే తెరుచుకునేటట్టు, గుంటలు 39 దాటితే తెలుగులోనే హెచ్చరించి ముందుకు పోనివ్వకుండా, చివరకు మొత్తాన్ని ఎకరాలలోకి మార్చుకునేటట్టు ఫారంలోనే ఏర్పాటు చేయవచ్చు. కాగితం ప్రశ్నావళితో ఈ పని డేటా ఎంట్రీ ముగిశాక గాని మొదలయ్యేది కాదు.

ఫారాన్ని ఎక్సెల్‌లో రాసుకుని ఎక్కించవచ్చు, ఒకే ఫారంలో తెలుగు, ఇంగ్లీషు రెండూ ఉంచవచ్చు. సిగ్నల్ లేని తండాలలో నింపిన ఫారాలు ఫోనులోనే ఉండి, నెట్ దొరికాక సర్వర్‌కు చేరతాయి. ఏ ప్రశ్న దగ్గర ఎంతసేపు ఆగారో నమోదుచేసే ఏర్పాటును కూడా ఫారంలో చేర్చుకోవచ్చు. ముప్పావుగంట పట్టవలసిన ఇంటర్వ్యూ పావుగంటలో ముగిస్తే ఎవరితో మాట్లాడాలో సాయంత్రానికే తెలిసిపోతుంది.

ఇబ్బందులూ ఉన్నాయి. ప్రతి కుటుంబ సభ్యుని గురించీ అవే ప్రశ్నలు అడిగే భాగం ఎక్సెల్‌లోకి దింపినప్పుడు వేరే షీటుగా వస్తుంది. సూచిక సంఖ్య ఆధారంగా దాన్ని ఇంటి వివరాలతో కలపడం తెలియనివారు అక్కడే ఆగిపోతారు. సర్వే మధ్యలో ఫారంలో ప్రశ్నను గుర్తించడానికి పెట్టుకున్న కోడ్ పేరు మారిస్తే, ఒకే ప్రశ్నకు రెండు నిలువు వరుసలు (కాలమ్‌లు) ఏర్పడతాయి. కోబో కలెక్ట్ ఆండ్రాయిడ్‌కే పరిమితం. ఐఫోన్ ఉన్నవారు బ్రౌజర్‌లో నింపాలి. ఉచితంగా వాడేవారికి పంపగల ఫారాల సంఖ్యపైనా, దాచుకునే ఫైళ్లపైనా పరిమితి ఉంటుంది కాబట్టి, ఇంటర్వ్యూలను ఆడియోగా రికార్డు చేయదలచినవారు ముందే లెక్క వేసుకోవాలి.

అంకె హద్దు దాటితే ఈ యాప్ పట్టుకుంటుంది గాని, హద్దులోపలి అబద్ధాన్ని పట్టుకోలేదు. తోటి సభ్యులు పక్కనే కూర్చుని ఉండగా ఒకామె తన సంఘం అప్పు గురించి చెప్పిన మొత్తం ఎంతవరకు నమ్మదగినదో తెలియాలంటే, వేరొకరు మళ్లీ ఆ ఇంటికి వెళ్లి అవే ప్రశ్నలు కొన్ని అడగవలసిందే. యాప్ వచ్చిందని ఈ తనిఖీకి కేటాయించిన డబ్బును కోసేసే సంస్థలకు దీనివల్ల మేలుకంటే కీడే ఎక్కువ.

ఎక్సెల్‌పై పట్టున్నవారు ఒక్కరైనా ఉన్న చిన్న బృందాలకు దీన్ని నిస్సందేహంగా సూచిస్తాను. అయితే ముందు ఒక గ్రామంలో ప్రయోగాత్మకంగా వాడి, వచ్చిన డేటాతో నివేదికలోని ఒక పట్టికనైనా పూర్తిగా తయారుచేసి చూసుకున్న తర్వాతే అసలు సర్వేకు దిగాలి.