ఆర్కన్సానా, అర్కాన్సస్సా?

అమెరికాలోని Arkansas రాష్ట్రం పేరు తెలుగు పత్రికల్లో తరచూ 'అర్కాన్సస్' అని కనిపిస్తుంది. స్పెల్లింగ్ చూస్తే అదే సబబు అనిపిస్తుంది, దగ్గర్లోనే కాన్సస్ అనే రాష్ట్రం కూడా ఉంది కదా. కానీ ఆ రాష్ట్రంలో అందరూ అనేది 'ఆర్కన్సా', చివరి ఎస్ పలకదు. ఈ పేరు ఫ్రెంచివాళ్ల రాతలోంచి రావడమే అందుకు కారణం. ఎలా పలకాలన్న గొడవ ముదరడంతో 1881లో ఆ రాష్ట్ర శాసనసభ తీర్మానం చేసి మరీ ఈ ఉచ్చారణను ఖాయం చేసింది.

మరి చివరి ఎస్ పలకడం పూర్తిగా తప్పా? కాదు. అదే పేరున్న నది కాన్సస్‌లోకి వచ్చేసరికి, అక్కడివాళ్లు చాలామంది దాన్ని 'ఆర్కాన్జస్' అంటారు. అక్కడ ఆర్కాన్జస్ సిటీ అనే ఊరూ ఉంది.

వాల్‌మార్ట్ ఉద్యోగానికి ఆర్కన్సా రాష్ట్రంలోని బెంటన్‌విల్ వెళ్లే మనవాళ్లు మాత్రం నిస్సందేహంగా 'ఆర్కన్సా' అనాలి. ఇంటర్వ్యూలో ఇంకోలా అనొద్దు. సొంత రాష్ట్రం పేరు సరిగా వినాలని ఎవరికుండదు?