నెలసరి యాప్‌లు: తేదీలు సరే, అవి ఎవరి దగ్గర ఉంటున్నాయి?

అమెరికాలో పీరియడ్స్ యాప్‌ని తూచే పద్ధతి 2022 జూన్ 24న మారిపోయింది. ఆ రోజు సుప్రీంకోర్టు డాబ్స్ కేసులో, దేశమంతటా అబార్షన్ హక్కు ఇచ్చిన పాత తీర్పు రో వర్సెస్ వేడ్‌ను కొట్టేసి, అబార్షన్ సంగతి రాష్ట్రాలకు వదిలేసింది. అంతవరకూ తర్వాతి తేదీని యాప్ ఎంత కచ్చితంగా చెబుతుందన్నదే లెక్క. ఇప్పుడు మనం నొక్కిన తేదీ ఫోన్‌లోనే ఉంటుందా, ఎవరి సర్వర్‌కో వెళ్తుందా అన్నది ముందు చూడాలి. యూకీ, డ్రిప్, ఐఫోన్‌తో వచ్చే హెల్త్ యాప్, ఫ్లో, క్లూ: ఈ ఐదింటినీ ఇక్కడ ఆ ఒక్క కొలతతోనే చూస్తున్నాం. రంగులు, బొమ్మలు బాగున్నాయా లేదా అన్నది మీ ఇష్టం.

తీర్పు రాగానే, ఈ తేదీలు కేసుల్లో సాక్ష్యమవుతాయన్న భయంతో చాలామంది ఇచ్చిన సలహా 'యాప్ తీసేయండి' అని. అది తొందరపాటు సలహా. ఫ్లోరిడా, జార్జియా, సౌత్ కరొలైనా, అయొవాల్లో దాదాపు ఆరు వారాలకే అబార్షన్‌కు గేటు పడుతుంది. అక్కడ నెలసరి తేదీ కచ్చితంగా తెలియడం చాలా అవసరం. ఫ్లోరిడా చట్టం ఆ ఆరు వారాలను గర్భం వచ్చిన రోజు నుంచి కాదు, చివరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కపెడుతుంది. మార్చి 1న నెలసరి వచ్చింది, చక్రం 28 రోజులు అనుకోండి. మళ్లీ రావాల్సింది మార్చి 29న. ఆ రోజు రాలేదని గమనించేసరికే లెక్క ప్రకారం నాలుగు వారాలు అయిపోయినట్టు. ఏప్రిల్ 12కి ఆరు వారాలు నిండుతాయి. అంటే చేతిలో ఉన్నది రెండు వారాలు. చక్రం 35 రోజులైతే రావాల్సిందే ఏప్రిల్ 5న కాబట్టి మిగిలేది ఒక్క వారం. అందులోనే టెస్టు చేసుకోవాలి, అపాయింట్‌మెంట్ దొరకాలి. పైగా ఫ్లోరిడాలో డాక్టర్‌ని ఒకసారి నేరుగా కలిశాక 24 గంటలు ఆగి మళ్లీ వెళ్లాలి. పీసీఓఎస్ (అండాశయాలకు సంబంధించిన హార్మోన్ల సమస్య) వల్ల తేదీలు తప్పే వాళ్లకు ఈ లెక్క ఇంకా బిగుసుకుంటుంది. కాబట్టి తేదీ రాసుకోవడం మానొద్దు, రాసే చోటు మార్చుకోండి.

ఇంతకీ ముప్పు ఏ వైపు నుంచి వస్తోంది? నిజం చెప్పాలంటే, ఇప్పటిదాకా వార్తల్లోకొచ్చిన కేసుల్లో బలమైన సాక్ష్యం పీరియడ్స్ యాప్ నుంచి వచ్చింది కాదు. నెబ్రాస్కాలో ఒక తల్లీకూతుళ్ల కేసులో పోలీసులు వారెంటుతో తెచ్చుకున్నవి ఫేస్‌బుక్ మెసేజీలు. టెక్సస్‌లో ఒకాయన తన మాజీ భార్య స్నేహితురాళ్ల మీద 2023లో దావా వేసినప్పుడు వాళ్ల మెసేజీల ఫొటోలనే జతచేశాడు (ఆ దావాను 2024లో విరమించుకున్నారు). టెక్సస్‌లోనే జాన్సన్ కౌంటీ షెరీఫ్ కార్యాలయం 2025లో, అబార్షన్ చేసుకున్న ఒక మహిళ కోసం, కార్ల నంబర్ ప్లేట్లు చదివే 83 వేలకు పైగా కెమెరాల్లో వెతికింది. 2000-2020 మధ్య, సొంతంగా అబార్షన్ చేసుకున్న వాళ్ల మీద, సాయపడిన వాళ్ల మీద నడిచిన 61 కేసులను పరిశీలించిన ఒక అధ్యయనంలో పోలీసులకు సమాచారం ఎక్కువగా అందింది వైద్య సిబ్బంది నుంచి, ఆ తర్వాత తెలిసినవాళ్ల నుంచి. అలాగని నెలసరి తేదీల మీద ఎవరికీ ఆసక్తి లేదనుకుంటే పొరపాటే. మిస్సోరీ ఆరోగ్య శాఖ రోగుల చివరి నెలసరి తేదీలతో ఒక స్ప్రెడ్‌షీట్ తయారు చేయించిందని 2019లో ఒక విచారణలో బయటపడింది.

ఇక యాప్‌ల సంగతి. ఈ ఐదింటిలో ముందు యూకీ. ఖాతా తెరవనక్కర్లేదు, ఈమెయిల్ అడగదు, మీరు రాసినదంతా ఫోన్‌లోనే ఉంటుంది. పిన్ పెట్టుకోవచ్చు. ఎవరైనా పక్కన నిలబడి 'తెరువు' అంటే 0000 కొట్టండి, ఏమీ లేని ఉత్తుత్తి తెర వస్తుంది. ఇంట్లోవాళ్లే ఫోన్ లాక్కునే పరిస్థితి ఉన్నవాళ్లకు ఎన్‌క్రిప్షన్ (డేటాను ఇతరులు చదవలేని కోడ్‌గా మార్చడం) కంటే ఈ చిన్న ఏర్పాటే ఎక్కువ పనికొస్తుంది. పాత డేటా దానంతటదే చెరిగిపోయేలా గడువు కూడా పెట్టొచ్చు. లోపం కూడా అక్కడే ఉంది: సర్వర్ లేదు కాబట్టి ఫోన్ పోతే చరిత్ర మొత్తం పోయినట్టే. చక్రాల నిడివి మాత్రం వేరే ఎక్కడైనా రాసి ఉంచుకోవాలి.

డ్రిప్ బెర్లిన్‌లో తయారైంది, కోడ్ అందరికీ తెరిచి ఉంటుంది. ఇదీ ఫోన్ దాటి వెళ్లదు. పొద్దున లేవగానే మంచం దిగకముందే తీసిన ఉష్ణోగ్రత, గర్భాశయ ముఖద్వారం స్రావం రెండూ రాసుకుంటూ అండం విడుదలను అంచనా కట్టేవాళ్లకు ఈ ఐదింటిలో ఇదే సరైనది. తేదీలు మాత్రమే కావాల్సినవాళ్లకు కాస్త గజిబిజిగా అనిపిస్తుంది. రెండు జాగ్రత్తలు. పాస్‌వర్డ్ మర్చిపోతే డేటా చెరిపేసి మళ్లీ మొదలుపెట్టడమే. డేటాను ఫైల్‌గా బయటికి తీస్తే ఆ ఫైల్‌కు తాళం ఉండదు. దాన్ని మీకు మీరే ఈమెయిల్ చేసుకున్నారంటే ఇంత జాగ్రత్తా గంగపాలే.

ఐఫోన్ హెల్త్ యాప్‌కు మంచి మార్కులే వేయాలి, షరతులతో. పాస్‌కోడ్, రెండంచెల ధృవీకరణ రెండూ ఆన్‌లో ఉంటే ఐక్లౌడ్‌లోకి వెళ్లే ఆరోగ్య డేటాను ఆపిల్ కూడా చదవలేదు. ఆ రెండింటిలో ఏది లేకపోయినా ఆ మాట చెల్లదు. ముఖం చూపిస్తే తెరుచుకునే ఫోన్ అయితే, ఇబ్బంది వస్తుందనిపించినప్పుడు పక్క బటన్‌ను, వాల్యూమ్ బటన్‌ను కలిపి కాసేపు నొక్కి పట్టుకోండి. పవర్ ఆఫ్ తెర వచ్చిందంటే, మళ్లీ పాస్‌కోడ్ కొట్టేదాకా ముఖం పనిచేయదు.

ఫ్లో వాడటానికి అన్నింటికంటే సులువు, చరిత్రే బాగాలేదు. డేటాను బయటికి పంపబోమని చెప్పి ఫేస్‌బుక్, గూగుల్ లాంటి సంస్థలకు పంపిందన్న ఆరోపణపై 2021లో, వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో రాజీ కుదుర్చుకుంది. అదే వ్యవహారంలో 2025 ఆగస్టులో శాన్‌ఫ్రాన్సిస్కో జ్యూరీ, కాలిఫోర్నియా గోప్యతా చట్టాన్ని ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా ఉల్లంఘించిందని తేల్చింది. ఫ్లో, గూగుల్ విడిగా రాజీపడ్డాయి. 2022 సెప్టెంబరులో తెచ్చిన అనామక మోడ్‌లో పేరు, ఈమెయిల్ లేకుండా వాడొచ్చు. ఈ యాప్‌నే వాడతామంటే ఆ మోడ్ తప్పనిసరి. క్లూ జర్మనీ సంస్థ, యూరప్ డేటా చట్టం కింద నడుస్తుంది. అమెరికా అధికారులు అడిగినా ఇచ్చేది లేదని 2022లోనే చెప్పింది. మాట నమ్మదగ్గదే, అయినా డేటా ఉండేది సర్వర్‌లో. ఇవ్వను అనే సంస్థ కంటే, ఇవ్వడానికి తన దగ్గర ఏమీ లేని సంస్థే మేలు.

'ఆరోగ్య సమాచారం కదా, హిపా చట్టం కాపాడదా?' అని అడుగుతారు. రోగుల సమాచార గోప్యత కోసం అమెరికాలో ఉన్న ఈ హిపా డాక్టర్లకు, ఆస్పత్రులకు, ఇన్సూరెన్స్ కంపెనీలకు వర్తిస్తుంది, మీరు దింపుకున్న యాప్‌కు కాదు. చట్టబద్ధంగా జరిగిన అబార్షన్ రికార్డులను దర్యాప్తుల నుంచి కాపాడేందుకు 2024లో తెచ్చిన ప్రత్యేక నిబంధనను కూడా 2025 జూన్‌లో టెక్సస్‌లోని ఫెడరల్ జడ్జి మాథ్యూ కాస్‌మరిక్ రద్దు చేశారు. వాషింగ్టన్ రాష్ట్రం 2023లో చేసిన 'మై హెల్త్ మై డేటా' చట్టం మాత్రం యాప్‌లకూ వర్తిస్తుంది.

రికార్డులు అడిగేది వారెంటుతో వచ్చే పోలీసులే అనుకోవద్దు. 2025 డిసెంబరు 4 నుంచి అమల్లోకొచ్చిన టెక్సస్ హెచ్‌బీ 7 చట్టం ప్రకారం అబార్షన్ మాత్రలు తయారుచేసిన, పంపిన, అందించిన వాళ్ల మీద మామూలు మనుషులే దావా వేయొచ్చు. కనీస పరిహారం లక్ష డాలర్లు. మాత్ర వేసుకున్న మహిళ మీద దావా కుదరదు. కానీ సివిల్ దావా నడిచినప్పుడు రికార్డులు కావాలని అవతలి లాయరూ అడగగలడు.

యాప్ మార్చేవాళ్లు ఎక్కువగా పొరబడేది ఒక్కచోటే: ఐకాన్ పట్టుకుని అన్‌ఇన్‌స్టాల్ కొట్టేసి పని అయిపోయిందనుకుంటారు. సర్వర్‌లో ఉన్నది కదలదు. ముందు చివరి ఆరు నెలల తేదీలు కాగితం మీద దించుకోండి. తర్వాత యాప్ సెట్టింగుల్లోకి వెళ్లి ఖాతాను తొలగించమని కోరండి, ఆ వీలు లేకపోతే సపోర్టుకు రాయండి. తొలగించామని జవాబు వచ్చాకే యాప్ తీసేయండి. ఆనక ఫోన్ బ్యాకప్‌లో పాత కాపీ మిగిలిందేమో చూడండి. కొత్త యాప్‌లో 'గర్భిణి' మోడ్ ఉంటే దాని జోలికి పోవద్దు. ఆన్ చేసి కొన్ని వారాలకే ఆఫ్ చేస్తే, ఏ నెలసరి తేదీ కంటే అదే ఎక్కువ మాట్లాడుతుంది.