వావ్ (వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్) క్లాసిక్ ఆరేళ్ళు ఆడాక, లెవెల్ బూస్ట్ మీద నా మాట

వేలమంది ఒకే ప్రపంచంలో కలిసి ఆడే ఆన్‌లైన్ గేమ్ వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ పాత రూపాన్ని, క్లాసిక్‌ని, 2019 ఆగస్టులో తెరిచిన రాత్రి నుంచి ఆడుతున్నాను. మధ్యలో రెండుసార్లు మానేశాను, పాప పుట్టినప్పుడు ఒకసారి, విసుగొచ్చి ఒకసారి. రెండుసార్లూ మళ్ళీ వచ్చాను. కాబట్టి ఇది నెల రోజులు ఆడి రాస్తున్న సమీక్ష కాదు. గ్రాఫిక్స్ గురించి, క్లాసుల (పాత్రల రకాల) గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. నాకు చెప్పాలనిపించేది ఒకటే: డబ్బు కట్టి క్యారెక్టర్‌ని పైలెవెల్‌కి ఎక్కించుకునే బూస్ట్. అది కొన్నాను, కొన్నవాళ్ళతో ఆడాను, కొని ఆట మానేసినవాడు మా కుటుంబంలోనే ఉన్నాడు.

ముందు కొంచెం వెనక్కి వెళ్ళాలి. అసలు ఆట 2004 నవంబర్‌లో వచ్చింది. నేను ఎమ్మెస్ చదవడానికి టెక్సాస్ వచ్చిన కొత్తలో, 2006లో, రూమ్మేట్ కంప్యూటర్‌లో మొదటిసారి చూశాను. ఆ తర్వాత ఏటేటా ఆట మారిపోతూ వచ్చింది, సులువైంది, పాత ప్రపంచం రూపమే మారిపోయింది. పాత ఆటే కావాలి అనుకున్నవాళ్ళు నోస్టాల్రియస్ అనే అనధికార సర్వర్‌లో ఆడుకునేవాళ్ళు. 2016 ఏప్రిల్‌లో ఆట తయారుచేసిన కంపెనీ బ్లిజార్డ్ లాయర్ల నోటీసుతో అది మూతపడింది, పెద్ద గొడవ అయింది. 2017 నవంబర్‌లో బ్లిజార్డ్ వాళ్ళే అధికారికంగా క్లాసిక్ తెస్తున్నామని ప్రకటించారు. ఆ రోజుల్లో ఆటగాళ్ళ నినాదం ఒక్కటే, "ఏమీ మార్చొద్దు". ఆ నినాదం ఎందుకు పుట్టిందో తెలియకపోతే తర్వాత జరిగిన గొడవ అర్థం కాదు. మళ్ళీ అదే దారిలో పోతుందేమో అన్న భయం అది.

2019లో మొదటి రాత్రి ఎలా ఉందంటే, లాగిన్ అవడానికే గంటల క్యూ. లోపలికి వెళ్ళాక ఇంకో క్యూ! క్వెస్ట్ కోసం చంపాల్సిన ఒక్క శత్రువు ముందు నలభై మంది మనుషులు వరసలో నిలబడ్డారు, మన రేషన్ షాపు ముందు నిలబడినట్టు, ఎవరి వంతు వాళ్ళకి వదిలేస్తూ. ఎవరూ అలా నిలబడమని చెప్పలేదు. ఆ వరసలో నా ముందున్న అమ్మాయి, వెనకున్న అబ్బాయి తర్వాత మా గిల్డ్‌లో (కలిసి ఆడే ఆటగాళ్ళ సంఘం) రెండేళ్ళు ఉన్నారు. 1 నుంచి అప్పటి ఆఖరి లెవెల్ 60కి రావడానికి నాకు 11 రోజుల ఆట సమయం పట్టింది, అంటే 260 గంటల పైమాటే. 40వ లెవెల్‌లో గుర్రం కొనడానికి గోల్డ్ (ఆటలోని డబ్బు) చాలక చేపలు పట్టి అమ్ముకున్నాను. నా క్యారెక్టర్ పాలడిన్, అంటే పవిత్ర యోధుడు; దాని ఒంటి మీదున్న ప్రతి వస్తువూ ఏ డంజన్‌లో (ఐదుగురు కలిసి వెళ్ళి శత్రువుల్ని చంపే చోటు), ఎవరితో ఉండగా దొరికిందో ఇప్పటికీ చెప్పగలను.

2021లో క్లాసిక్‌కి తర్వాతి విస్తరణ (ఎక్స్‌పాన్షన్) బర్నింగ్ క్రూసేడ్ వచ్చింది. దాంతోపాటే డార్క్ పోర్టల్ పాస్ అని బూస్ట్ పెట్టారు. దాదాపు 40 డాలర్లు కడితే క్యారెక్టర్ నేరుగా 58వ లెవెల్‌కి వెళ్తుంది. అకౌంట్‌కి ఒక్కటే. కొత్తగా వచ్చిన డ్రెనై, బ్లడ్ ఎల్ఫ్ జాతులకి వర్తించదు. నెల చందా 15 డాలర్లు అదనం. ఈ మాట బయటికొచ్చిన రోజు మా గిల్డ్ వాయిస్ చాట్‌లో అర్ధరాత్రి దాకా వాదన నడిచింది. ఒకాయన అదే రాత్రి చందా రద్దు చేసుకున్నాడు కూడా.

నేను అప్పట్లో బూస్ట్ వైపే మాట్లాడాను, దాచుకోవడానికేం లేదు. వాదన బలంగానే ఉంది మరి. బర్నింగ్ క్రూసేడ్ అసలు ఆట మొదలయ్యేదే 58లో, కొత్త స్నేహితుణ్ణి రమ్మంటే 200 గంటలు ఒంటరిగా ఆడి రా, అప్పుడు కలుద్దాం అనాలి, ఉద్యోగం, పిల్లలు ఉన్నవాడు ఎలా వస్తాడు? పైగా డబ్బుతో లెవెల్ కొనడం అప్పటికే ఉంది. 60వ లెవెల్ మేజ్‌కి (మంత్రగాడు) గోల్డ్ ఇస్తే జుల్‌ఫరాక్‌ డంజన్‌లోనో, మారడాన్‌ డంజన్‌లోనో శత్రువుల్ని గుంపుగా లాక్కొచ్చి ఒక్కసారిగా చంపేసేవాడు, డబ్బిచ్చినవాడు మూల నిలబడి లెవెల్ ఎక్కేవాడు. ఆ గోల్డ్‌లో కొంత బయట డాలర్లకి కొన్నదే అని అందరికీ తెలుసు. అదేదో కంపెనీయే నేరుగా అమ్మితే తప్పేంటి అన్నాను.

ఈ వాదన మా బామ్మర్ది విషయంలో పూర్తిగా దెబ్బతింది. వాడు హైదరాబాద్‌లో ఉంటాడు. ఎప్పట్నుంచో "బావా, మీతో ఆడాలి" అనేవాడు. బూస్ట్ నేనే కొనిచ్చాను. మేజ్ తీసుకున్నాడు. నాకు రాత్రి ఎనిమిది అంటే వాడికి పొద్దున ఆరున్నర, ఆఫీసుకి ముందు రెండు గంటలు కూర్చునేవాడు. మొదటి రోజు స్క్రీన్ మీద ఒకేసారి అన్ని మంత్రాలు చూసి "ఇందులో ఏది నొక్కాలి బావా?" అన్నాడు. హెల్‌ఫైర్ పెనిన్సులా అనే ప్రాంతంలో నడుస్తుంటే వెనకనుంచి ఫెల్ రీవర్ అనే భారీ యంత్రం వచ్చి తొక్కేసింది. దానికి నవ్వుకున్నాం, అది అందరికీ జరిగేదే. అసలు దెబ్బ నాలుగో రోజు తగిలింది. నేను లేనప్పుడు తెలియనివాళ్ళతో హెల్‌ఫైర్ ర్యాంపార్ట్స్ డంజన్‌కి వెళ్ళాడు. ట్యాంక్, అంటే ముందుండి దెబ్బలు కాచుకునే ఆటగాడు, ఒక శత్రువు మీద చందమామ గుర్తు పెట్టాడు. చందమామ అంటే మేజ్ దాన్ని గొర్రెగా మార్చి పక్కన పెట్టాలి. ఆ సంగతి ఆటలో ఎక్కడా రాసి ఉండదు, కింద లెవెల్ డంజన్లలో తప్పులు చేస్తూ, ఎవరో ఒకరు ఓపిగ్గా చెబితే నేర్చుకుంటాం. వీడికి ఆ అవకాశమే రాలేదు కదా. అందరూ చనిపోయారు, రెండోసారి కూడా అలాగే అయ్యేసరికి "కొనుక్కుని వచ్చావా?" అని అడిగి గ్రూప్‌లోంచి తీసేశారు. రెండు వారాల తర్వాత చందా ఆపేశాడు. వాడు నాతో ఏమీ అనలేదు, నాకే బాధేసింది. తప్పు వాడిది కాదు. నేర్చుకునే చోటు దాటించి పరీక్ష హాల్లో కూర్చోబెట్టాను.

ఇదే బూస్ట్ మా గిల్డ్‌లో ఇంకొకరికి చక్కగా పనికొచ్చింది. ఒహాయోలో నర్సుగా చేసే ఆవిడ, రాత్రి డ్యూటీలు, ఇద్దరు పిల్లలు. అప్పటికే 60 చేరిన ప్రీస్ట్ (తోటివాళ్ళ గాయాలు మాన్పే హీలర్) ఉంది, మోల్టెన్ కోర్ నుంచి నాక్స్‌రమస్ దాకా పెద్ద రైడ్లకి (చాలామంది కలిసి చేసే దాడులు) మాతో వచ్చింది. బర్నింగ్ క్రూసేడ్‌లో మాకు డ్రూయిడ్ అనే ఇంకో క్లాస్ కావాల్సి వస్తే బూస్ట్ కొని వారం తిరక్కుండా తయారైంది. ఆవిడకి దారంతా తెలుసు, మళ్ళీ నడవాల్సిన పని లేదు. అంతకన్నా మంచి హీలర్‌తో నేను ఆడలేదు.

అందుకే నా అభిప్రాయం ఇప్పుడు ఇలా ఉంది. అకౌంట్‌లో సొంతంగా పైలెవెల్‌కి తెచ్చిన క్యారెక్టర్ ఒకటి ఉంటేనే బూస్ట్ అమ్మాలి. మొదటిసారి వచ్చేవాడికి అమ్మకూడదు. వ్యాపారపరంగా ఇది కంపెనీకి నష్టమే, ఎందుకంటే కొత్తవాడే ఎక్కువ కొంటాడు. కానీ కొత్తవాడే ముందు వెళ్ళిపోతాడు కూడా.

నా సొంత అకౌంట్‌లో కూడా బూస్ట్ చేసిన ప్రీస్ట్ ఉంది. దాన్ని తెరిచి మూడేళ్ళయింది. ఏ జ్ఞాపకమూ లేదు దాంతో.

మార్పుల సంగతికొస్తే, "ఏమీ మార్చొద్దు" అనేవాళ్ళతో నేను పూర్తిగా లేను. కొన్ని మార్పులు మంచివే. ఉదాహరణకి 2021లో వచ్చిన క్రోనోబూన్ అనే వస్తువు. అంతకుముందు రైడ్ కోసం వరల్డ్ బఫ్‌లు (కొంతసేపు బలం పెంచే మంత్రాలు) తెచ్చుకున్నాక అవి కరిగిపోకుండా ఉండాలని వారమంతా లాగిన్ అవకుండా కూర్చునేవాళ్ళం. చందా కట్టి ఆట ఆడకపోవడం ఏంటసలు? క్రోనోబూన్‌తో ఆ బఫ్‌ల్ని దాచుకుని హాయిగా ఆడుకోగలిగాం. బర్నింగ్ క్రూసేడ్‌లో పాలడిన్ సీల్స్ అనే మంత్రాల్ని ఆటలోని రెండు పక్షాలకీ ఇవ్వడం కూడా న్యాయమే. దాని తర్వాతి విస్తరణ రాత్ ఆఫ్ ద లిచ్ కింగ్ 2022 సెప్టెంబర్‌లో మొదలైనప్పుడు ఆటోమేటిక్‌గా గ్రూప్ కట్టిపెట్టే డంజన్ ఫైండర్ లేకుండా తెచ్చారు, దానికి చాలామంది తిట్టారు కానీ నాకు నచ్చింది. మనుషుల్ని అడిగి గ్రూప్ కట్టుకోవాల్సి వచ్చేది. తర్వాత అదీ పెట్టేశారు.

టోకెన్ మాత్రం నేను ఎప్పటికీ ఒప్పుకోలేను. 2023 మేలో లిచ్ కింగ్ సర్వర్లలోకి తెచ్చారు. 20 డాలర్లు పెట్టి టోకెన్ కొని ఆటలో గోల్డ్‌కి అమ్ముకోవచ్చు. బూస్ట్ ఒక్కసారి కొని ఊరుకునేది, ఇది ప్రతి వారం కొనొచ్చు. అప్పటికే జీడీకేపీ అని, బాస్ దగ్గర దొరికే వస్తువుని వేలం వేసి ఎక్కువ గోల్డ్ పెట్టినవాడికి ఇచ్చే రైడ్లు పెరిగిపోయాయి. మా గిల్డ్‌లో కూడా ఎనిమిది మంది అటు వెళ్ళిపోయారు, మిగిలినవాళ్ళతో రైడ్‌కి సరిపోక గిల్డ్ మూసేశాం. నేను విసుగొచ్చి మానేసింది అప్పుడే.

ఇదే పరిస్థితిలో ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ అనే ఇంకో ఆన్‌లైన్ గేమ్ వాళ్ళు ఏం చేశారో చూడండి. 2007 నాటి బ్యాకప్‌తో 2013లో తెరిచారు, కొత్తది ఏదైనా చేర్చాలంటే ఆటగాళ్ళ ఓటింగ్‌లో 75 శాతం ఒప్పుకోవాలి అన్నారు. తర్వాత దాన్ని 70కి తగ్గించారు, అయినా అడిగే అలవాటు పోలేదు. క్లాసిక్‌లో బూస్ట్ మీద ఓటు పెట్టి ఉంటే గెలిచేదో ఓడేదో గానీ, మా వాయిస్ చాట్‌లో ఆ రాత్రి అంత కోపం ఉండేది కాదు. మమ్మల్ని అడిగారు అనిపించేది.

2024 నవంబర్‌లో 20 ఏళ్ళ సందర్భంగా కొత్త సర్వర్లు తెరిచినప్పుడు నేను తిరిగొచ్చాను. మళ్ళీ మొదటి నుంచి, బూస్ట్ లేకుండా. జీడీకేపీ నిషేధం. రెండు టాలెంట్ సెట్లు (నైపుణ్యాల ఎంపికలు) పెట్టుకునే డ్యూయల్ స్పెక్ ఇచ్చారు, దాంతో హీలింగ్‌కీ ఫైటింగ్‌కీ మారిన ప్రతిసారీ 50 గోల్డ్ దాకా కట్టే బాధ పోయింది. ఈ కలయిక నాకు ఇప్పటిదాకా చూసినవాటిలో బాగా నచ్చింది. బామ్మర్దిని మొహమాటంగానే అడిగాను. వచ్చాడు, మళ్ళీ మేజ్‌తోనే, ఈసారి ఎల్విన్ అడవిలో ఒకటో లెవెల్ నుంచి. అక్కడ హాగర్ అనే శత్రువు చేతిలో ఇద్దరం మూడుసార్లు చచ్చాం. డెడ్‌మైన్స్ డంజన్‌లో ఒక పెద్దాయన మాకు గుర్తులన్నీ ఒక్కొక్కటిగా చెప్పాడు. నాకు తెలిసినవే అయినా ఆపలేదు, బామ్మర్ది వింటున్నాడు కదా. 60కి రావడానికి వాడికి ఐదు నెలలు పట్టింది.

మన దగ్గర్నుంచి ఆడాలనుకునేవాళ్ళకి ఒక్క మాట. ఇండియాలో సర్వర్ లేదు. బామ్మర్ది హైదరాబాద్ నుంచి అమెరికా సర్వర్‌లో 250 నుంచి 280 పింగ్‌తో (సర్వర్ స్పందించడానికి పట్టే మిల్లీసెకన్లు) ఆడుతున్నాడు. మేజ్‌కి, హీలర్‌కి పర్వాలేదంటాడు, ట్యాంక్‌గా మాత్రం కష్టమట. అమెరికాలో ఎవరూ తెలియకపోతే యూరప్ సర్వర్లు చూడండి, పింగ్ తక్కువ, అక్కడ సాయంత్రం అయ్యేసరికి మనకి రాత్రి అవుతుంది కాబట్టి ఆఫీసు నుంచి వచ్చాక కూర్చోవచ్చు. మొదటి నెల చందా ఒక్కటే కట్టండి, షాపులో ఇంకేదీ కొనకండి.